ఆనంద్ పాత గొంతు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నేను అక్కడినుంచి లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పటికీ వాటిని నమ్మను. మా నాన్న నల్గొండ దగ్గర ఒక పల్లెలో చర్చి పెద్దగా ఉండేవాడు. ఏదో చూశామని భయపడి వచ్చినవాళ్లకు చాయ్ తాగించి, నవ్వించి పంపేవాడు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో జాకెట్లు కుడతాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టేపు, కత్తెర, కొలతలు. లేనిపోనివి ఊహించుకునే తీరిక కూడా నాకు లేదు. ఇది ముందే చెప్పి అసలు సంగతికి వస్తాను.

మా తమ్ముడు ఆనంద్ దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక కోచింగ్ సెంటర్‌లో జాగ్రఫీ చెప్పేవాడు. మైకు లేకుండా హాలు చివరి బెంచీ దాకా వినిపించే గొంతు వాడిది. రెండేళ్ల కింద థైరాయిడ్‌లో గడ్డ వచ్చింది. అది గొంతు నరానికి అతుక్కుని ఉందని, తీస్తే మాట పోవచ్చని డాక్టర్ ముందే చెప్పారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. అప్పటినుంచి వాడు నోరు తెరిస్తే గాలే వస్తుంది. చెవి దగ్గర పెడితే తప్ప ఏమీ అర్థం కాదు.

పాఠాలు పోయాయి. ఎల్బీనగర్‌లో మా ఇంట్లోనే ఉంటూ రోజుల తరబడి గోడవైపు తిరిగి పడుకునేవాడు. వాణ్ణి మంచం మీదనుంచి లేపింది సైకిలే. పొద్దున్నే వనస్థలిపురం దాటి ఎక్కడెక్కడికో తొక్కి చెమటతో తిరిగి వచ్చేవాడు. ఒక రోజు, కృష్ణా నీళ్ల మధ్య ఒక దీవి ఉందట, అడవిశాఖ వాళ్లు అక్కడ సైకిళ్లిస్తారట, పోదామా అని కాగితం మీద రాసి చూపించాడు. రెండేళ్లలో వాడు అడిగిన మొదటి కోరిక అది. ఆదివారం చర్చి మానేసి మరీ వెళ్లాను.

మోదుగలు పూసిన రోజులు. ఎల్బీనగర్‌లో మొదటి బస్సెక్కి, డ్యామ్ దగ్గర దిగి పడవలో దాటేసరికి పదయింది. డ్యామ్ కట్టినప్పుడు చుట్టూ నీళ్లు చేరి దీవిగా మిగిలిపోయిన గుట్ట అది. జింకలు, నెమళ్లు ఉంటాయి గాని మనుషులు ఉండరు. పడవ దిగినవాళ్లం ఏడుగురం. నేను, తమ్ముడు, పిల్లలతో వచ్చిన ఒక కుటుంబం. రేవు దగ్గర యాదయ్య అనే వాచర్ మా పేర్లు రాసుకుని సైకిళ్లిచ్చాడు. నాలుగింటికి పడవ తిరిగి వెళ్తుందని రెండుసార్లు చెప్పాడు.

నీళ్ల ఒడ్డునే మట్టిబాట. ఆనంద్ ముందు, నేను వెనక. చిన్నప్పుడు తొక్కడమే, మళ్లీ అప్పుడే. రెండుసార్లు పొదలోకి పోయాను. వాడు వెనక్కి చూసి భుజాలు ఊగేలా నవ్వాడు, చప్పుడు లేకుండా.

పన్నెండు దాటాక గుట్టపైకి వెళ్లే కాలిబాట వచ్చింది. నా మోకాళ్లు ఒప్పుకోలేదు. అరగంటలో వస్తానని వేళ్లతో చూపించి వాడొక్కడే ఎక్కాడు. నేను టేకు చెట్టు కింద కూర్చున్నాను.

గంటయినా రాలేదు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. మోకాళ్లు పట్టుకుంటూ పైకి ఎక్కాను. పైన బండ మీద వాడి సంచి ఉంది. అందులో నీళ్ల సీసా, ఫోన్, దానితోపాటే విజిల్. అరవలేడు కాబట్టి ఆపదకు ఉంటుందని నేనే కొనిచ్చిన విజిల్ అది. మనిషి మాత్రం లేడు.

బండకు మూడు వైపులా లోయ, కింద నీళ్లు. పాడు ఆలోచనతోనే ఇంత దూరం వచ్చాడా? ఆ సంచి కావాలనే వదిలాడా? "ఆనందూ! ఒరేయ్ ఆనందూ!" అని గొంతు చిరిగేలా అరిచాను. అరిచాక గుర్తొచ్చింది. విన్నా వాడు పలకలేడు. నాలుగడుగుల దూరంలో పడి ఉన్నా పలకలేడు.

యాదయ్య కోసం కిందికి పరుగెత్తితే రేవు చేరడానికే ముప్పావు గంట. ఈలోగా ఏమవుతుందోనని వెళ్లలేకపోయాను. బండ మీద కూలబడ్డాను. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట కూడా నోట్లోకి రాలేదు.

అప్పుడు వినిపించింది.

"అక్కో!"

చివర సాగదీసి పిలవడం ఆనంద్ అలవాటు. ఎడమవైపు కిందినుంచి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు వింతగా అనిపించలేదు. తమ్ముడు పిలుస్తున్నాడు, అంతే. తుమ్మ ముళ్ల మధ్యనుంచి కూర్చునే జారుతూ దిగాను. దారి తప్పినప్పుడల్లా మళ్లీ వినిపించేది, ఒకసారి కుడివైపు, ఒకసారి ఇంకా కిందినుంచి. మొత్తం నాలుగుసార్లు విన్నాను. నాలుగోసారి చాలా దగ్గరగా.

రెండు బండల మధ్య పడి ఉన్నాడు. కాలు వంకరగా మడతపడింది. తల వెనక రక్తం అప్పటికే ఎండి నల్లబడింది, చీమలు పట్టాయి. తట్టినా, గిచ్చినా కళ్లు తెరవలేదు. ఊపిరి మాత్రం ఉంది. చున్నీతో తల కట్టాను.

కాసేపటికి అవతలి వైపు అడ్డదారిలో కొమ్మలు విరుచుకుంటూ యాదయ్య వచ్చాడు. రొప్పుతున్నాడు.

"మీ తమ్ముడేనా అమ్మా ఒర్రింది? అక్కో అక్కో అని ఒకటే పిలుపు. రేవు కాడి నుంచి ఉరికొచ్చిన."

"వానికి మాట రాదన్నా," అన్నాను.

యాదయ్య వాడి ముఖం చూశాడు, మెడ మీది కుట్ల మచ్చ చూశాడు. వంగి వాడి భుజాల కింద చేతులు పెట్టాడు. ఇద్దరం మోసుకుని దిగాం.

పడవలో ఆ కుటుంబాన్ని అడిగాను. రేవు దగ్గరే అన్నం తింటున్న వాళ్లు ఏమీ వినలేదన్నారు. యాదయ్య ఉన్నట్టుండి లేచి పరుగెత్తితే ఎందుకో అర్థం కాలేదన్నారు. నెమలి అరుపేమోనని తర్వాత నేనూ అనుకున్నాను. యాదయ్యకు ఫోన్ చేసి అడిగాను. "ఇరవై ఏండ్లు నెమళ్లతోనే ఉన్ననమ్మా, నాకు ఎరుక లేదా?" అన్నాడు.

పిట్టను ఫోటో తీయడానికి ఫోన్ కోసం వెనక్కి తిరగబోయి కాలు జారిందని, తర్వాత ఏమీ గుర్తు లేదని ఆనంద్ మూడో రోజు ఆసుపత్రిలో రాసి చూపించాడు. దెబ్బ తగలగానే స్పృహ పోయి ఉంటుందని డాక్టర్ అన్నారు. నేను పట్టుబట్టితే గొంతులో గొట్టం వేసి మళ్లీ చూశారు. స్వరతంత్రి ఎప్పటిలాగే కదలడం లేదు. ఆ గొంతుతో అరవడం కుదరదని చెప్పారు.

నెల దాకా వాడికి ఏమీ చెప్పలేదు. కాలికి కట్టు విప్పిన రోజు, నేనెట్ల దొరికిననని వాడే అడిగాడు. దాచలేకపోయాను. నీ పాత గొంతే విన్నానని చెప్పాను. యాదయ్య సంగతీ చెప్పాను.

భయపడతాడనుకున్నాను. నవ్వుతాడనీ అనుకున్నాను. వాడు నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, చెవిలో ఒక్కటే అడిగాడు.

"ఎట్లుండె అక్కా?"

"మంచిగుండె రా," అన్నాను. "మునుపటి లెక్కనే."

కళ్లు మూసుకున్నాడు. మళ్లీ చెప్పమన్నట్టు నా వేలు నొక్కాడు. చెప్పాను. అలా ఎన్నిసార్లు చెప్పించుకున్నాడో లెక్క లేదు. ఆ రోజు నన్నూ యాదయ్యనూ పిలిచిందెవరో నాకు తెలియదు. కాని వాడు అడిగినప్పుడల్లా చెబుతూనే ఉన్నాను.