సీటు కింద డబ్బా

జనగామ బస్టాండులో కిటికీలోంచి దస్తీ వేసినవాళ్లదే సీటు. నాకా పద్ధతి నచ్చదు. ఆ రోజు ఎవరిదో చేతిరుమాలు పక్కకు జరిపి కూర్చున్నాను.

వెనకే ఎక్కిన ముసలమ్మ విరుచుకుపడింది. "కండ్లు కనవడ్తలేవా? గది నా దస్తీ!"

"దస్తీ ఏస్తె సీటు నీదైతదా అవ్వా?"

ఆమె మోచేత్తో నన్ను కిటికీ వైపు నెట్టి, పక్కనే కూలబడింది. నా ఒళ్లో ఉన్న డబ్బా చూసి, "ఏందది?" అంది.

"కుక్కల దాణ."

"గది ఒళ్లె వెట్టుకొని మనుషుల పక్కకు కూసుంటవా? సిగ్గు లేదు!" డబ్బా లాక్కుని సీటు కిందికి తోసింది. దారి పొడవునా దాన్ని మడమతో తన్నుతూనే ఉంది.

మా దాణా ఫ్యాక్టరీలో నాలుగు రకాల ముక్కలను నాలుగు యంత్రాల్లో చేసి, ఒకే బెల్టు మీద సమంగా కలిపే తయారీ లైను నక్షా నేనే గీశాను. ఆ లైనులో తయారైన ఆ డబ్బా నా గొప్ప.

మహబూబాబాద్‌లో ఆమె నా కాళ్ల దగ్గర తుపుక్కున ఉమ్మి దిగిపోయింది. డబ్బా పైకి తీసి మూత తెరిచాను. సన్న ముక్కలన్నీ అడుక్కు దిగాయి, పెద్దవన్నీ పైకి తేలాయి. ఫ్యాక్టరీలో ఎంత కలిపినా లారీలో కుదుపులకు ఇంతే. అన్ని ముక్కలూ ఒకే సైజులో వచ్చేలా లైను మొత్తం మళ్లీ గీశాను.

ఇప్పుడు ఏ కొత్త మిశ్రమమైనా ముందు ఆ బస్సులోనే, సీటు కింద పెట్టి తీసుకెళ్తాను. పక్కన ఆమె ఉండదు కాబట్టి, మడమతో నేనే తన్నుతుంటాను.