ఫైనాన్షియర్ గారి అక్క

ఆ ఏడాది నా చేతిలో సినిమా లేదు. కృష్ణానగర్‌లో అద్దెగది, సీరియళ్ళకి పేరు పడని డైలాగులు, అంతే. అలాంటప్పుడు ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసున్న ఒక ఫైనాన్షియర్ నన్ను పిలిపించి, తన జీవితం మీద చిన్న సినిమా తీయిస్తున్నానని, దానికి రాయమని అడిగాడు. సినిమాల్లో పెట్టుబడి పెడతాను, నెలనెలా లాభం ఇస్తానని చెప్పి జనం దగ్గర డబ్బు తీసుకునేవాడాయన. ఈ సినిమా వాళ్ళకి చూపించడానికే.

మెత్తగా మాట్లాడే మనిషి. తండ్రి పోయాక ఇంటింటికీ పేపర్లు వేసిన రోజుల గురించి చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వెంటనే జూబ్లీ హిల్స్‌లో ఇల్లు కొన్న రోజుకి వచ్చేశాడు. మధ్యలో ఏం జరిగిందని అడిగాను.

"కష్టపడ్డానండీ. అది మీరు అల్లేయండి."

నావల్ల కాలేదు. రాసింది కొట్టేస్తూ, గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఉండేదాన్ని. కుదురుగా కూర్చుని అన్నం తిన్నది తక్కువ.

ఒకరోజు ఆఫీసుకి వెళితే రిసెప్షన్‌లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నేతచీర, ఒళ్ళో గుడ్డసంచి. రిసెప్షన్ అమ్మాయి నా చెవిలో, "పొద్దుగాల వచ్చింది మేడమ్. సార్ లేడని చెప్పినా పోతలేదు. సార్‌కి అక్కనంటది" అంది.

సార్ లోపలే ఉన్నాడు. చెప్పాను. ఫోనులోంచి తల ఎత్తకుండానే, "డబ్బొచ్చాక అందరూ అక్కలేనండీ. పంపించేయమనండి" అన్నాడు. కానీ ఆవిడది అచ్చం ఆయన ముక్కే.

ఆవిణ్ణి ఆటోలో మా వీధి హోటల్‌కి తీసుకెళ్ళాను. ఇడ్లీ తింటూ చెప్పింది. కాకినాడ దగ్గర ఒక ఊళ్ళో బడిపంతులమ్మగా చేసిందట. తమ్ముడు రొయ్యల చెరువులు తవ్వుతానంటే, టీచరమ్మ తమ్ముడే కదా అని వీధి వీధంతా డబ్బిచ్చింది. తెగులొచ్చి రొయ్యలన్నీ చచ్చిపోయాయి.

"అది మోసం కాదమ్మా, నష్టం. ఎవరికైనా వస్తుంది. పోయిందని వాడు ఆరోజే చెప్పుంటే నాలుగు తిట్టి ఊరుకునేవాళ్ళు. చెప్పలేదు. దాన్ని కప్పడానికి టేకు మొక్కలని ఇంకోటి మొదలెట్టాడు. అదీ పోయింది. తెల్లారి చూస్తే మనిషి లేడు."

తరవాత అందరూ ఆవిడ గుమ్మంలోకే వచ్చారు. అరిచినవాళ్ళతో బాధ లేదట. ఏమీ అనకుండా రోజూ వచ్చి అరుగు మీద కూర్చునే ఒక ముసలామెకి భయపడి, పెరటిదారిన బడికి వెళ్ళేదట.

"నాకేం ఇవ్వక్కర్లేదు. ఒక్కసారి ఊరొచ్చి వాళ్ళ ముందు నిలబడమని అడుగుదామని వచ్చాను."

ఆవిణ్ణి బస్సెక్కించి, మర్నాడు రొయ్యల చెరువుల సంగతి ఆయన్ని సూటిగానే అడిగాను. కోప్పడతాడనుకున్నాను. కళ్ళు మెరిశాయి.

"బ్రహ్మాండంగా ఉంటుందండీ! పెట్టేయండి. ఓడినవాడు గెలిస్తే జనం ఏడుస్తారు. చివర్లో అందరికీ వడ్డీతో సహా ఇచ్చేశానని రాయండి."

"ఇచ్చారా?"

"ఇస్తాను కదండీ."

అప్పటిదాకా రాసిన కాగితాలు ఆయన టేబుల్ మీద పెట్టేసి వచ్చేశాను. ఇంకో రచయితతో సినిమా పూర్తి చేయించాడు.

మా పైగదిలో ఉండే డాన్సర్ అమ్మాయి ఆయన దగ్గర డబ్బు పెట్టబోతోందని తెలిసి, వద్దని చెప్పాను.

"నిన్ను తీసేసిండని గిట్ల చెప్తున్నవా అక్కా? మా ఫ్రెండ్‌కి నెలనెలా వస్తున్నయ్" అంది. నా మాట వినలేదు. ఆ తరవాత మెట్ల మీద ఆ అమ్మాయి అడుగుల చప్పుడు వినబడితే చాలు, నేను గది తలుపు వేసేసుకునేదాన్ని.

కొన్ని నెలలకి లాభాలు రావడం ఆగిపోయింది. ఆఫీసుకి తాళం పడింది. మోసం చేశాడని కేసు పెట్టారు, అరెస్టయ్యాడు. వ్యాపారంలో నష్టం వచ్చిందే తప్ప మోసం లేదని ఆయన లాయరు టీవీలో చెప్పాడు. పోలీసులు పిలిస్తే నాకు తెలిసింది చెప్పి వచ్చాను. కేసు ఇంకా నడుస్తోంది. డాన్సర్ అమ్మాయి గది ఖాళీ చేసి, యూసుఫ్‌గూడలో నలుగురితో కలిసి ఉంటోంది.

ఆయనకి బెయిలొచ్చిందని తెలిసి అక్కగారు మళ్ళీ వచ్చింది. నా గదిలోనే దిగింది. రాత్రంతా ఇద్దరం నిద్రపోలేదు. పొద్దున్నే జూబ్లీ హిల్స్ వెళ్ళి, మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చేసింది.

"కలిశాడా అమ్మా?"

"కలిశాడు. కాళ్ళకి దణ్ణం పెట్టాడు. కాఫీ ఇప్పించాడు."

"ఊరొస్తానన్నాడా?"

"ఇదంతా సర్దుకున్నాక వైజాగ్‌లో ఏదో మొదలుపెడతాట్ట. మనవాళ్ళకి ఓ మాట చెప్పక్కా, నువ్వు చెబితే వింటారు అన్నాడు."

ఆవిడ సంచి సర్దుకుంటోంది. రేపు వెళుదురుగాని, ఇవాళ పడుకోండి అన్నాను.

"లేదమ్మా, ఇవాళే వెళ్ళాలి. వాడి ఫోన్లు మొదలవకముందే ఇంటింటికీ వెళ్ళి వాడికి డబ్బివ్వద్దని చెప్పాలి" అని చెప్పులు వేసుకుంది.