బండ పేలకుండా ఆగిన పూట

మొన్నామధ్య ఆరాధన ముగిశాక మా కొండాపూర్ సంఘంలోని స్త్రీల సమాజంవాళ్లు నన్ను పట్టుకుని, భవనాల పనికొచ్చే కూలితల్లుల పసిబిడ్డల కోసం ఒక సంరక్షణ గది కట్టాలనీ, దానికి విరాళాలు పోగెయ్యడానికి ఒక సాయంత్రం సభ పెట్టి ఎవరి పురిటి కథ వాళ్లచేతే చెప్పిద్దామనీ, ఆ కథలు సేకరించే పని నాదేననీ తేల్చేశారు. నర్సుగా ఎందరికో పురుడు పోసినదాన్ని, కాదంటే బాగుంటుందా? చుట్టుపక్కల అపార్టుమెంట్లన్నీ తిరిగాను. సిగ్గుపడతారేమో అనుకున్నాను గానీ, ఒకసారి నోరు విప్పాక ఆపడమే కష్టమైంది. మా కింది అంతస్తులోని కడప వదినగారైతే కాన్పుకో కాఫీ చొప్పున అన్నీ చెప్పి, అవి అయిపోయాక వాళ్ల ఆవు ఈనిన కథ కూడా ఎత్తుకున్నారు.

చివరికి మీ కథేదని నన్నూ అడిగారు. నా సొంత కాన్పుల్లో చెప్పుకోదగ్గది ఏమీ లేదు, నా గొప్పంతా ఇతరుల కాన్పుల్లోనే ఉంది. నాకు గర్వం పాలు కాస్త ఎక్కువని మావారు అంటుంటారు. ఉంటే ఉండనీ, ఆ ఒక్క పూట గురించి ఎంత గర్వపడినా తప్పులేదు.

గుంటూరు నుంచి కొత్తగా వచ్చి ఇక్కడ ఒక చిన్న దవాఖానలో చేరిన రోజులవి. మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడన్నీ బండలే. వాటికి బెజ్జాలు వేసి, మందు కూరి, విజిల్ ఊది, ఎర్రజెండాలతో జనాన్ని దూరంగా తోలి పేల్చేవారు. ఆ చప్పుడుకి మా దవాఖాన కిటికీ రెక్కలు గడగడలాడేవి.

ఒక మధ్యాహ్నం పాలమూరు నుంచి పనికొచ్చిన ఒక పిల్లకు నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే సంచీ పట్టుకుని పరుగెత్తాను. తొలిచూలు. బండల పక్కనే రేకుల గుడిసెలో ఉంది. నేను వెళ్లేసరికే బిడ్డ తల కనబడుతోంది. సరిగ్గా అప్పుడే బయట విజిల్ మోగింది, పేల్చే పని చూసే మేస్త్రీ గుమ్మం దగ్గరికొచ్చి, మర్యాదగా మొహం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు.

"సిస్టరమ్మా, మందు నింపినం. జర ఆమెను లేపి రోడ్డవతలికి తీస్కపోండ్రి."

"లేపితే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. పేల్చాలనుంటే పేల్చుకోండి, ముగ్గురం ఇక్కడే ఉంటాం" అన్నాను. నోటి దురుసు నాకు పుట్టుకతోనే వచ్చింది.

అతను గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. కాసేపటికి మళ్లీ విజిల్. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ప్రభువా అనుకుంటూ ఆ పిల్లమీదికి వంగి అలాగే ఉండిపోయాను. తర్వాత తెలిసింది, అది పని ఆపమని ఊదిన విజిలట. అతనే జెండా పట్టుకుని గుడిసె ముందు నిలబడ్డాడట, ఆ చుట్టుపక్కల ఎవరినీ బీడీ కూడా వెలిగించనివ్వలేదట. రోడ్డుమీద లింగంపల్లి బస్సు ఆగిపోయింది, డ్రైవరు ఇంజను కట్టేశాడు, జనం దిగి గట్టున కూర్చున్నారు. అంత గోల చేసే ఆ చోటు అలా నిశ్శబ్దంగా ఉండగా నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు.

బిడ్డ ఏడుపు వినగానే అవతలి నుంచి ఎవరో ఏం బిడ్డ అని కేకేశారు. ఆడపిల్ల అని నేను చెప్పేలోపే గుమ్మంలోంచి తొంగిచూసిన ఆడవాళ్లే చాటింపు వేశారు. బొడ్డు కోసి, మాయ పడ్డాక, నలుగురు మగవాళ్లు తల్లీబిడ్డల్ని మంచంతో సహా మోసుకుని రోడ్డు దాటించారు. ఆ పిల్ల రెండు చేతులతో బిడ్డ చెవులు మూసి, నీరసంగా నవ్వుతూ, "ఇగ పేల్చుకోమను అక్కా, ఫికర్ లేదు" అంది. అప్పుడు పేలింది బండ.

సభలో ఇదంతా చెబితే హాలంతా చప్పట్లు కొట్టారు. అనుకున్నదానికన్నా ఎక్కువ విరాళాలు వచ్చాయి. నేనూ తల కాస్త ఎత్తుకునే వేదిక దిగాను. అప్పుడు ఏడో నెల కడుపుతో ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి నా దగ్గరికొచ్చింది. ఆ బిడ్డ ఇప్పుడెక్కడుందనో, తల్లి ఎలా ఉందనో అడుగుతుందనుకున్నాను.

"పని ఆపినందుకు ఆ మేస్త్రీని పైవాళ్లు ఏమీ అనలేదా ఆంటీ?" అంది.

ఇన్నేళ్లలో అది అడగాలని నాకెప్పుడూ తోచలేదు. కాన్పు వస్తే పని ఆగుతుందనే అనుకున్నాం, ఆ మేస్త్రీ, ఆ బస్సు డ్రైవరు, నేను, అందరం. ఆ అమ్మాయి మాత్రం తన ఉద్యోగం సంగతి తలచుకుని కాబోలు, నిజంగా భయపడుతూ అడిగింది, నేనేదో ధైర్యం చెబుతానని నా మొహంలోకే చూస్తోంది. ఆ పూట గురించి ఇన్నాళ్లూ నేను పడ్డ గర్వమంతా నాదే అనుకున్నాను. అది నా ఒక్కదానిది కాదు, ఆ కాలానిది కూడానని అప్పుడు తెలిసింది. ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను.