మునుం తెగిన రోజు

నా చిన్నప్పుడు మిరప చేలో కోతకు దిగిన కూలీలంతా ఒక వరుసగా నిలబడి, తలా రెండు సాళ్ళు పట్టుకుని, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా కోసుకుంటూ పోయేవాళ్ళు. ఆ వరుసను మునుం అంటారు. మునుం పట్టాక అందరూ ఒక్క తీరున కదలాలి. నలుగురు ముందుకు పోయి ఒకరు వెనకబడితే మునుం తెగిందంటారు. అది ఆసామి కంట పడితే ఆయనకు కోపం, మేస్త్రికి తలవంపులు. మా ముఠాకు మేస్త్రి మా పెద్దమ్మ, మా అమ్మకు స్వయానా అక్క.

ఈ కబురంతా ఇప్పుడెందుకంటే, మొన్న ఒక పత్రికాయన మా ఇంటికి వచ్చాడు. నేను వినుకొండ వైపు ఒక హైస్కూల్లో పి.ఇ.టి.గా ముప్పై ఏళ్ళకు పైగా ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పాను. రిటైరై నాలుగేళ్ళయినా పొద్దున్నే గ్రౌండు మొహం చూడనిదే నాకు కాఫీ సహించదు. మీరు పిల్లల్ని నడిపించే పద్ధతి వేరుగా ఉంటుందట, ఎక్కడ శిక్షణ పొందారని ఆయన అడిగాడు. పెద్ద ఊరి పేరేదో చెబుతానని పెన్ను తెరిచి కూర్చున్నాడు. మిరప చేలో అన్నాను. ఆయన మర్యాదగా నవ్వి ఊరుకున్నాడు కానీ రాసుకోలేదు. ఆయన రాసుకోనిది నేనే రాద్దామని కూర్చున్నాను.

మా పెద్దమ్మ పొడగరి, మాట తక్కువ. ఆదివారం చర్చిలో కూడా వెనక వరసలో కూర్చుని, అందరూ వెళ్ళాక చాపలు చుట్టి బయటికి వచ్చేది. మిగతా మేస్త్రులు గట్టు మీద నిలబడి కేకలేస్తూ పని చేయిస్తుంటే, ఈమె తనే ఒడి కట్టుకుని మునుంలో నిలబడేది. అదీ మధ్యలో కాదు, ముందు కాదు. ఎవరి చెయ్యి ఆలస్యమో వాళ్ళ పక్కన. గట్టు చేరడంలో ఎప్పుడూ వాళ్ళిద్దరే ఆఖరు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. చేతులు చురుకు, నోరు అంతకంటే చురుకు. పెద్దమ్మకు చేతులాడవు, ఈమె మేస్త్రి ఎలా అయిందోనని ఒకసారి మా అమ్మతో అన్నాను. అమ్మ నా వంక అదోలా చూసి, పొయ్యిలోకి పుల్లలు ఎగదోసుకుంటూ కూర్చుంది.

ఆ ఏడు మా పక్కింటి అక్క నాలుగు నెలల పసిబిడ్డతో కోతకు వచ్చేది. వాళ్ళాయన బండి మీద నుంచి పడి కాలు విరిగి మంచాన ఉన్నాడు. ఆమె చేలోకి వస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. గట్టు మీద తుమ్మచెట్టుకు పాత చీర ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెట్టేది. మిరప కోసే తల్లికి బిడ్డకు పాలివ్వడం అంత తేలిక కాదు. పొద్దుటి నుంచి కాయలు కోసిన చేతులకు కారం పట్టి ఉంటుంది. కంటికి కనపడదు, నీళ్ళతో కడిగితే పోదు. మజ్జిగతో రుద్ది కడగాలి, ఆముదం రాయాలి, తుడవాలి, అప్పటిదాకా బిడ్డను ముట్టుకోకూడదు. పెద్దమ్మ రోజూ ఒక చిన్న ముంతలో మజ్జిగ తెచ్చేది. అది తన దాహానికి అనుకునేదాన్ని. అక్క పాలిచ్చి వచ్చేసరికి ఆమె సాళ్ళు కూడా మునుంతో పాటే ముందుకు జరిగి ఉండేవి. అవి ఎలా జరుగుతున్నాయో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ రోజు శనివారం. కోతల రోజుల్లో శనివారాలు మా బడి నడిచేది కాదు. చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజులు. చేను నిండా పండుకాయ. అంతకు ముందు వారం ఆసామి నన్ను చూసి, ఈ పిల్ల చేతులు మిషను లాగా ఆడుతున్నాయే అన్నాడు. ఆ ఒక్క మాట నా నెత్తికెక్కి కూర్చుంది. ఆ పూట ఎవరి వంకా చూడకుండా నా సాళ్ళు కోసుకుంటూ పోయి అందరికంటే ముందు గట్టెక్కాను. ముందు చేరినవాళ్ళు ఊరికే కూర్చోకూడదు. వెనక్కి తిరిగి, వెనకబడ్డ మనిషి సాళ్ళలోకి ఎదురెళ్ళి కోసుకుంటూ రావాలి. మా ముఠాలో అది కట్టుబాటు. నాకు తెలియక కాదు. ఆసామి వచ్చే వేళయింది, నేను ముందు చేరి కూర్చుని ఉండగా ఆయన చూడాలని నా ఆశ. అందుకని కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

ఉయ్యాలలో బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. కాసేపు ఊపాను. ఊరుకోలేదు. ఎత్తుకున్నాను. చెంపల మీద కన్నీళ్ళు కారుతుంటే పాపం అనిపించింది, అరచేత్తో తుడిచాను. కళ్ళు కూడా తుడిచాను. పొద్దుటి నుంచి మిరపకాయలు కోసిన చేత్తో.

ఆ కేక నాకు ఇప్పటికీ వినపడుతుంది. బిడ్డ ఊపిరి తిరగనంతగా ఏడ్చింది, మొహమంతా ఎర్రబడిపోయింది. నేను చేసిన పని ఏమిటో నాకు ఆ క్షణమే అర్థమైంది. అర్థమయ్యాక చేసిన పని ఇంకా చెప్పుకోలేనిది. బిడ్డను ఉయ్యాలలో పడేసి, వంగి చేలోకి పరుగెత్తి, ఎప్పటి నుంచో అక్కడే కోస్తున్నదానిలా మొక్కల మధ్య నిలబడ్డాను.

అక్క ఒడిలో కాయలు అక్కడే పారబోసి పరుగెత్తుకొచ్చింది. వెనకే పెద్దమ్మ. ఆడవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. పెద్దమ్మ ముంత ఎత్తి అక్క చేతుల మీద మజ్జిగ పోసి రుద్దింది, తన చేతులూ కడుక్కుంది. తడిగుడ్డతో బిడ్డ మొహం మళ్ళీ మళ్ళీ తుడిచింది. అక్క బిడ్డ కళ్ళల్లో తన పాలే పిండింది. అప్పుడు పెద్దమ్మ ఉయ్యాలలోకి చూసి, ఏదో తీసి గుప్పిట మూసి రొంటిన దోపుకోవడం నేను చూశాను. నా ఒడిలోంచి జారిన పండుకాయ. ఆమె తల తిప్పి నన్ను వెతకలేదు. వెతకాల్సిన అవసరం లేకపోయింది.

సరిగ్గా అప్పుడే ఆసామి వచ్చాడు. మునుం మూడు ముక్కలై ఉంది, మేస్త్రి గట్టు మీద ఉంది, బిడ్డ ఏడుస్తోంది. అంతకు ముందు పాలిచ్చినప్పుడు కారం చేతులతో తల్లే బిడ్డను ముట్టుకుని ఉంటుందని ఆయన అనుకున్నాడు, అందరూ అదే అనుకున్నారు. పిల్లతల్లులతో తనకు ఈ తలనొప్పి వద్దని, రేపటి నుంచి ఈ మనిషి చేలోకి రాకూడదని చెప్పేశాడు. అక్క బిడ్డను గుండెకు అదుముకుని తల దించుకుంది. ఆమె మొహంలోకి చూస్తే నాకు మంచాన ఉన్న వాళ్ళాయన, ఆరిపోయిన పొయ్యి కనపడ్డాయి. చెప్పడానికి నాకు నోరుంది. ఊరంతా వినపడే నోరు. అది ఆ వేళ పెగల్లేదు.

పెద్దమ్మ లేచి నిలబడింది. ఆసామి ముందు ఆమె గొంతు అంత నిదానంగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

“ఆమె తప్పేం లేదండి. మునుం నాది, తెగితే తప్పు నాది. మాన్పించాలంటే నన్ను మాన్పించండి.”

ఆయన చేను వంక చూశాడు. పండుకాయ చెట్టున ఎండిపోతోంది, పెద్దమ్మ వెంట ముఠా మొత్తం వెళ్ళిపోతే తనకే నష్టం. చివరికి ఆ మనిషి రావచ్చులే, మేస్త్రిగా మాత్రం నువ్వు వద్దన్నాడు. వరుసలోంచి ఇంకొకామెను పిలిచి, రేపటి నుంచి నువ్వు చూసుకోమన్నాడు. పెద్దమ్మ అలాగేనండి అని, ఒడి బిగించి కట్టుకుని, అక్క వదిలేసిన సాళ్ళలోకి దిగి కోయడం మొదలుపెట్టింది. సాయంత్రానికి బిడ్డ కళ్ళు తెరిచింది. దేవుడి దయ, చూపుకు ఏమీ కాలేదు.

ఇంటికి వెళ్ళే దారిలో పెద్దమ్మ నా పక్కన నడిచింది. చెంప పగలగొడుతుందని ఎదురుచూశాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది. ఊరు కనపడుతుండగా ఆగి, రొంటిన ఉన్న కాయ తీసి నా చేతిలో పెట్టింది.

“నాకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సిన మనిషికి చెప్పు. ఎప్పుడు చెప్పగలిగితే అప్పుడే చెప్పు.”

అంతే. పెద్దమ్మ ఈ సంగతి మా అమ్మకు కూడా చెప్పలేదు.

మరుసటి శనివారం కోతకు వెళితే, పెద్దమ్మ నన్ను పిలిచి అక్కకు ఒక పక్కన నన్ను నిలబెట్టి, రెండో పక్కన తను నిలబడింది. అప్పుడు చూశాను ఆమె చేతుల్ని. కుడి చెయ్యి తన సాలులో, ఎడమ చెయ్యి అక్క సాలులో, తొడిమ ఊడకుండా, కొమ్మ విరగకుండా ఆడుతున్నాయి. ఆ మునుంలో అందరికంటే చురుకైన చేతులు ఆమెవే. మిగతావాళ్ళు తలా రెండు సాళ్ళు కోస్తే తను మూడు, నాలుగు సాళ్ళు కోస్తుంది కాబట్టి ఆఖరున గట్టు చేరేది. నేను ఇన్నాళ్ళూ ఆమెకు చేతులాడవనుకున్నాను. కొత్త మేస్త్రి గట్టు మీద నుంచి గొంతు చించుకుంటూనే ఉంది, ఆడవాళ్ళు మాత్రం పెద్దమ్మ నడక చూసుకునే నడిచారు. మరుసటి ఏడు ఆసామే కబురు పెట్టాడు. పెద్దమ్మ ఏమీ జరగనట్టే మళ్ళీ మేస్త్రిగా వెళ్ళింది.

అక్కకు చెప్పడం మాత్రం నా వల్ల కాలేదు. రేపు చెబుతాననుకునేదాన్ని. ఆమె ఎదురుపడి, ఏం అమ్మాయ్ బాగున్నావా అని నవ్వితే, ఏదో పని ఉన్నదానిలా తప్పుకునేదాన్ని. తర్వాత గుంటూరులో హాస్టలు, అక్కడ ఫుట్‌బాల్, ఆ పైన ఉద్యోగం. ఏళ్ళు గడిచిపోయాయి.

మా గ్రౌండు నల్లరేగడి. వాన పడితే మట్టి బూట్లకు శేరు చొప్పున అంటుకుంటుంది. మొదట్లో మా పిల్లలకు ఆ బూట్లూ లేవు, గోల్‌పోస్టులు సరుగుడు కర్రలు. ఆడే పిల్లల్లో సగం మంది మిరప కూలీల బిడ్డలు. గ్రౌండు చుట్టూ పరుగెత్తిస్తే, ఆఖరి పిల్ల గీత దాటితేనే ఒక చుట్టు అయినట్టు లెక్క. ముందు వచ్చినవాళ్ళు ఎదురెళ్ళి ఆమెతో కలిసి మళ్ళీ పరుగెత్తి రావాలి. చురుకైన పిల్లను మెల్లగా ఆడే పిల్ల పక్కనే ఆడిస్తాను. నా నోటికి జడిసి పిల్లలు గ్రౌండులో నా మాట జవదాటరు. ఆ నోటితో ఏ పిల్లనూ పదిమందిలో తప్పుపట్టలేదని మాత్రం చెప్పుకోగలను.

ఒకసారి జిల్లా పోటీల్లో మా డిఫెండరు పిల్ల వెనక్కి చూసుకోకుండా బంతిని మా గోల్‌లోకే కొట్టింది. ఓడిపోయాం. తల్లిదండ్రులంతా ఉండగా మా హెడ్మాస్టరు గారు, ఎవరమ్మా ఆ పిల్ల అని కోపంగా అడిగారు. ఆమెను అక్కడ నిలబెట్టింది నేనండి, తప్పు నాదండి అన్నాను. ఆ పిల్ల ఎనిమిది రోజులు నా కళ్ళలోకి చూడలేదు, నేనూ అడగలేదు. తొమ్మిదో రోజు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, నెట్లు కడుతున్న నా పక్కన నిలబడి, టీచర్ ఆ రోజు నేను వెనక్కి చూడలేదండి అంది. ఆ పిల్ల ఎనిమిది రోజుల్లో చేయగలిగిన పని నేను పాతికేళ్ళు దాటినా చేయలేకపోయాను. ఎండాకాలం సెలవుల్లో ఊరికి వెళ్ళి అక్కకు చెప్పేయాలని, ఆ మాట పెద్దమ్మ ముందే చెప్పాలని అనుకున్నాను. సెలవులు రాకముందే పెద్దమ్మ పోయిందని కబురు వచ్చింది.

సమాధుల దొడ్డిలో పాస్టరు గారి ప్రార్థన అయ్యాక అందరూ వెళ్ళిపోతుంటే, అక్క ఒక్కతే మట్టి సర్దుతూ కూర్చుంది. జుట్టు సగం నెరిసింది. పక్కన కూర్చుని చెప్పాను. ఉయ్యాల, నా చేతులు, నేను పారిపోయి దాక్కోవడం, అంతా చెప్పాను. ఆమె మట్టి సర్దుతూనే విన్నది.

“నాకు ఆ రోజే తెలుసు అమ్మాయ్. ఉయ్యాలలో కాయ నేనూ చూశా. నువ్వొచ్చి చెప్పేదాకా ఆ మాట ఎత్తొద్దని మీ పెద్దమ్మ నన్ను అడిగింది. ఏటా కోతలప్పుడు మాత్రం నన్ను అడిగేది, చెప్పిందా అని.”

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. అక్క తన మట్టి చేతులు కొంగుకు తుడుచుకుని, నా కళ్ళు తుడిచింది.

ఇప్పటికీ పొద్దున్నే గ్రౌండులో ఎవరైనా ఒక పిల్ల, ఆట అయిపోయాక కూడా వెళ్ళకుండా నా చుట్టూ తచ్చాడుతుంటే, నేను ఇంటికి బయల్దేరను. ఊరికే ఏదో ఒక తాడు ముడి విప్పుతూ, మళ్ళీ వేస్తూ అక్కడే నిలబడతాను. ఒక్కోరోజు ఎండ నెత్తికెక్కుతుంది. ఆ పిల్ల ఏమీ చెప్పకుండానే వెళ్ళిపోతుంది. మర్నాడు మళ్ళీ నిలబడతాను. పెద్దమ్మ నా కోసం అన్నేళ్ళు నిలబడింది. ఆమె బతికుండగా నేను వెళ్ళి చెప్పలేదు.