నేను మొక్కని మొక్కు

పద్నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాన్ని చెప్పింది ఒక్కసారే, పత్తిచేలో నిలబడి, రెండు మూడు మాటల్లో. ఆ తర్వాత నేను మళ్లీ చెప్పాల్సిన పని రాలేదు. ఊరు చెప్పింది. పక్క ఊళ్లు చెప్పాయి. నేను తల ఊపుతూ, అడిగినవాళ్లకు వివరాలు కల్పిస్తూ వచ్చాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. మీరు జాలిపడే మనిషైతే చదవడం ఇక్కడే ఆపేయండి, నాకు జాలి అక్కర్లేదు. మహారాష్ట్రలో, రాజురా అవతల మా ఊళ్లో తెలుగు అందరూ మాట్లాడతారు గానీ, మా ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే. నేను ఆసిఫాబాద్ వైపు పుట్టి పదో తరగతి దాకా తెలుగు బడిలో చదివాను. మా ఆయనదీ, మరిదిదీ, నా పిల్లలదీ మరాఠీ చదువు. ఈ కాగితాలు మంచం మీద వదిలేసి పోయినా ఎవరూ చదవలేరు. అందుకే తెలుగులో రాస్తున్నాను. చూశారా, ఒప్పుకునేటప్పుడు కూడా దాక్కునే చోటు ముందే చూసుకున్నాను.

పెళ్లయిన ఆరేళ్ల వరకు నాకు పిల్లలు లేరు. ఆ ఆరేళ్లూ మా అత్త నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. ఎవరింట్లో తొట్టెల వేడుక అయినా నన్ను పొయ్యి దగ్గరే ఉంచేది, ఉయ్యాల వైపు పోనిచ్చేది కాదు. ‘గొడ్డుది’ అన్న మాట నా ముఖం మీద ఎప్పుడూ అనలేదు. పక్క గదిలో కూర్చుని, నాకు వినపడేంత గట్టిగా అనేది. ఇప్పుడు ఆమెకు చూపు సరిగా ఆనదు, అన్నం కలిపి చేతికిచ్చేది నేనే. అయినా ఆమెను ద్వేషిస్తాను. అది కూడా రాసేస్తున్నాను, తర్వాత మీరు వెతుక్కోవాల్సిన అవసరం లేకుండా.

ఆరో ఏడు మా ఆయన్ని బతిమాలి, పోట్లాడి చంద్రపూర్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఇంట్లో నా కడుపునొప్పికని చెప్పాం. నాకు పరీక్షలు చేసి ఏ లోపమూ లేదన్నారు. తర్వాత ఆయనకు చేశారు. వీర్యకణాలు తక్కువగా ఉన్నాయి, ఉన్నవాటిలో కదలిక సరిగా లేదు. ఏం పని చేస్తావని డాక్టరు మరాఠీలో అడిగాడు. పత్తి వేస్తామన్నాడు మా ఆయన. మందు ఎవరు కొడతారు? నేనే. ముఖానికి గుడ్డ కట్టుకుంటావా? ఉక్కపోస్తుంది, కట్టుకోను. ఖాళీ అయిన మందు డబ్బాలు ఏం చేస్తారు? కడిగి చేనుకు తాగే నీళ్లు తీసుకుపోతాం. ఆ మాటకు డాక్టరు రాయడం ఆపి ఇద్దరినీ చూశాడు. పొగాకు, వక్క కలిపి నమిలే ఖర్రా తింటావా అని కూడా అడిగాడు. మా ఆయన దవడలో అప్పుడు కూడా అదే ఉంది.

అతను కోప్పడకుండా చెప్పాడు. ఒంట్లో ఏ పని ఎప్పుడు జరగాలో హార్మోన్లు చెబుతాయట. కొన్ని పురుగుమందులు ఒంట్లోకి చేరి ఆ చెప్పడాన్నే తారుమారు చేయగలవట. మగవాళ్లలో అలా జరిగితే కణాల తయారీ దెబ్బతినవచ్చట. “ఇదే కారణమని నేను రాసివ్వలేను. కావచ్చు. ఖర్రా కావచ్చు. రెండూ కావచ్చు, వేరే ఏదైనా కావచ్చు” అన్నాడు. కొత్త కణాలు తయారు కావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది కాబట్టి ఒక సీజనంతా మందు కొట్టే పంపు ముట్టుకోవద్దని, ఆ డబ్బాల్లో నీళ్లు తాగొద్దని, మందును పడుకునే గదిలో ఉంచొద్దని, ఖర్రా మానేయమని చెప్పాడు. బస్సులో మా ఆయన నా చెయ్యి తన తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్లామన్న సంగతి ఎవరికీ తెలియకూడదు. లోపం తనలో ఉందని ఊళ్లో తెలిస్తే తను బతకనన్నాడు. లోపం నాదని ఊరంతా అనుకుంటున్నప్పుడు నేను బతికాను కదా అని నేను అడగలేదు.

ఇంటికి వచ్చి నడుము నొప్పి అన్నాడు. పంపు మా మరిది మారుతి భుజానికెక్కింది. అప్పటికి అతనికి పెళ్లి కాలేదు. అన్నకు నడుము నొప్పి అంటే మారుమాట లేకుండా తీసుకున్నాడు. మందు డబ్బాలు మా మంచం కిందనే ఉండేవి. కోపంలో ఎవరూ తాగకుండా తాళం వేసే గదిలోనే పెట్టుకోవడం మా వైపు అందరికీ అలవాటు. వాటిని ఒక్కొక్కటిగా మోసుకుపోయి మారుతి పడుకునే గదిలో పెట్టింది నేను. మా ఆయనకు నీళ్లకు స్టీలు క్యాను కొన్నాను. మారుతి పాత ప్లాస్టిక్ డబ్బాలోనే నీళ్లు తీసుకుపోయేవాడు. నాకు తెలియక చేశానా? ఆలోచించకుండా చేశానా? లేదు. ఆలోచించాను. ఇంకా పెళ్లి కాలేదు కదా, పెళ్లయినప్పుడు చూద్దాం అనుకున్నాను. పెళ్లయింది. చూడలేదు.

మరుసటి ఏడు నాకు కొడుకు పుట్టాడు. డాక్టరు మాట విన్నందుకా? మా ఆయన ఖర్రా అయితే మానలేదు, పంపు మాత్రమే మానేశాడు. అది చాలిందా, లేక ఎలాగైనా పుట్టేవాడేనా? నాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. ఆ ‘కావచ్చు’ వెనకే నేను ఇన్నేళ్లు కూర్చున్నాను. ఖచ్చితంగా తెలిసి ఉంటే చెప్పేదాన్ని అని నాకు నేను చెప్పుకునేదాన్ని. అది కూడా అబద్ధమే.

మారుతి భార్య వైశాలి బామ్ని ఊరి పిల్ల. పన్నెండు చదివింది. గట్టిగా నవ్వుతుంది. బజారులో నేను మాట్లాడిన మరాఠీని నలుగురి ముందు సరిచేసింది. మా అత్త మొదటి ఏడాది ఆమెను నెత్తిన పెట్టుకుంది. నాకు ఆమె నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. ఆమెకు అన్యాయం చేసినంత మాత్రాన ఆమె బంగారమని రాయాలా? మూడేళ్లు గడిచినా కడుపు పండకపోయేసరికి అత్త ఆమెను పేరు పెట్టి పిలవడం మానేసింది. పక్క గదిలోంచి నాకు తెలిసిన ఆ మాటే మళ్లీ వినపడింది. ఈసారి అది నన్ను కాదు.

ఆ ఏడు దీపావళి అయ్యాక ఇద్దరం పత్తి ఏరుతున్నాం, పక్కపక్క సాళ్లలో. ఆమె ఒడి దులిపి, దగ్గరికి వచ్చింది.

“అక్కా, ఒక ముచ్చట అడుగుత. కోపానికి రావద్దు.”

“అడుగు.”

“నీకు గూడ ఆరేండ్లు పిల్లలు కాలేదట గదా. ఏ డాక్టరుకు సూపిచ్చుకున్నవ్? నేను చంద్రపూర్ల సూపిచ్చుకున్న. నాల ఏం దోషం లేదన్నడు, మీ మరిదిని తోల్కరమ్మన్నడు. ఈయనేమో రానంటుండు. బావ వచ్చిండా నీ ఎంబడి?”

“మీ బావకేమైందని వస్తడు? మేం ఏ డాక్టరు దగ్గరికి పోలే.”

“మరెట్లయింది అక్కా?”

“చంద్రపూర్ మహాకాళికి మొక్కిన. చైత్రంల ఉత్తకాళ్లతోని మన ఇంటికాడ్నుంచి గుడిదాక నడిచిన.”

“గంతేనా?”

“గంతే. మనసుల నమ్మకముండాలె.”

ఆమె సరేనని తల ఊపి తన సాలులోకి వెళ్లిపోయింది. నేను మహాకాళి గుడికి వెళ్లిన ప్రతిసారీ బస్సులోనే వెళ్లాను, చెప్పులు వేసుకునే వెళ్లాను.

ఎందుకన్నాను? ఒట్టు వేశాను కాబట్టి అని చాలా ఏళ్లు అనుకున్నాను. కానీ ఒట్టు తప్పకుండానే దారి ఉంది. మారుతిని ఒక్క సీజను పంపు దించమను, ఆ డబ్బాలో నీళ్లు తాగనివ్వకు, అని ఎవరి పేరూ ఎత్తకుండా అనొచ్చు. మారుతి దించితే పంపు మళ్లీ మా ఆయన దగ్గరికే వస్తుందని భయమా? అదీ ఉంది. అప్పటికి నేను రెండో బిడ్డ కోసం చూస్తున్నాను. కూలి మనిషిని పెట్టుకోవచ్చు కదా అంటారేమో. అంటే ఆ మందు వేరేవాడి ఒంట్లోకి పోతే ఫరవాలేదని మీరు కూడా అనుకుంటున్నట్టే. నన్ను చూసి ముఖం చిట్లించే ముందు దాని గురించి ఆలోచించండి.

ఆ చైత్రంలో వైశాలి నడిచింది. మా వైపు చైత్రమంటే ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు చెప్పలేను, పొద్దున పదికే తారు మెత్తబడుతుంది. నేను పిల్లవాణ్ని తీసుకుని టెంపోలో ముందే వెళ్లి గుడి దగ్గర కూర్చున్నాను. ఆమె సాయంత్రానికి వచ్చింది. కూర్చోబెట్టి ఆమె కాళ్లు నేనే కడిగాను. మరుసటి ఏడు మళ్లీ నడిచింది. ఆ పై ఏడు కూడా.

ఈలోగా నా మొక్కు సంగతి ఊరు దాటింది. కోర్పనా వైపు నుంచి ఆడవాళ్లు కోడళ్లను వెంటబెట్టుకుని వచ్చి నన్ను అడిగేవాళ్లు. ఏ వారం బయలుదేరావు, ఉపవాసం ఉన్నావా, దారిలో నీళ్లు తాగావా? నేను అప్పటికప్పుడు ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని. వాళ్ల ఇళ్లన్నీ పత్తి పండించే ఇళ్లే. ఆ కోడళ్ల మొగుళ్లందరి భుజాలకూ పంపు ఉంది. ఇంత తేలిగ్గా ఎలా నమ్ముతారని వాళ్ల మీదే మండిపడేదాన్ని. అయినా బొట్టు పెట్టి పంపేదాన్ని. నిజం చెబుతున్నాను, ఆ గౌరవం నాకు నచ్చింది. ఒకప్పుడు ఉయ్యాల దగ్గరికి రానివ్వనిదాన్ని, ఇప్పుడు మొదటి ఊపు ఊపమని పిలిచేవాళ్లు.

వైశాలి మారుతిని డాక్టరు దగ్గరికి రమ్మని మళ్లీ మళ్లీ అడిగింది. చివరికి అందరి ముందూ గట్టిగానే అడిగింది. మారుతి నవ్వి, “అన్న పోయిండా? మరి నేనెందుకు పోవాలె?” అన్నాడు. మా ఆయన నేల చూస్తూ పోలేదన్నాడు. నేను చెప్పిన అబద్ధమే అతని వాదన అయింది. అత్త రెండో పెళ్లి మాటెత్తింది. ఇరువైపుల పెద్దలూ మా వాకిట్లో కూర్చుని తెంపుకుందామని తేల్చారు. ఒక్క మాటతో ఆ కూర్చున్నవాళ్లను లేపగలిగింది నేనొక్కదాన్నే. నేను అందరికీ చాయ్ పోశాను.

మారుతి మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఎవరెన్ని సంబంధాలు తెచ్చినా వద్దన్నాడు. వైశాలికి వరోరాలో బట్టల దుకాణంలో పనిచేసే అతనితో పెళ్లయింది. రెండేళ్లు తిరగకుండానే కూతురు పుట్టిందని విన్నాను. ఆ రోజు అన్నం తినలేకపోయాను. పశ్చాత్తాపంతో అనుకోకండి. ఆమె గెలిచిందని.

ఈ ఏడు వానలకు ముందు ఒకావిడ తన కోడలిని తీసుకుని వచ్చింది. ఆ పిల్ల మొక్కు గురించి వింటూ తన అరికాళ్లు చూసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. నీ కొడుకును తీసుకుపోయి పరీక్ష చేయించు, పంపు దించమను, నాకే మొక్కూ లేదు, పొండి, అని అరిచాను. పొగరెక్కిందని తిట్టుకుంటూ వెళ్లిపోయారు. ఆ అరుపు అంతా మారుతి విన్నాడు. అడిగాడు. చెప్పాను, డాక్టరు దగ్గర్నుంచి మంచం కింది డబ్బాల దాకా. అతను నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు వేరే పొయ్యి పెట్టుకున్నాడు. ఒట్టు తప్పానని మా ఆయన నాతో మాట్లాడడం లేదు. ఇద్దరిలో ఎవరి మౌనం ఎక్కువ బాధ పెడుతోందని అడిగితే, మారుతిదే.

తర్వాత వరోరా వెళ్లాను. వైశాలి నన్ను లోపలికి రమ్మనలేదు. గడప దగ్గరే నీళ్లిచ్చి, నిలబడి మొత్తం విన్నది. ఏడవలేదు, తిట్టలేదు. మారుతి పేరు వచ్చినప్పుడు మాత్రం ఒకసారి కళ్లు మూసుకుంది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

“ఆనాడు గుడికాడ నా కాళ్లు నువ్వే కడిగినవ్ గదా. గప్పుడు నీ మనసుల ఏమున్నది?”

యాదికి లేదన్నాను. ఆమె నా చేతిలో గ్లాసు తీసుకుని తలుపు వేసుకుంది.

నాకు బాగా గుర్తుంది. ఆమె అరికాళ్ల తోలు లేచిపోయి, కింద ఎర్రగా మాంసం కనపడుతోంది. నీళ్లు తగలగానే పళ్లు బిగపట్టి నా భుజం పట్టుకుంది. అక్కా, మెల్లగా, అంది. నాకు జాలి కలగలేదు. భయం కలగలేదు. తప్పు చేశానని కూడా అనిపించలేదు. ఆరేళ్లు నేను పడ్డాను, ఇది కూడా పడనీ అనుకున్నాను. హాయిగా అనిపించింది. ఒక చెంబుతో అయిపోయే పనికి ఇంకో చెంబు తెచ్చి పోశాను.

మారుతికి చెప్పిన దాంట్లో ఇది లేదు. వైశాలి అడిగినా చెప్పలేదు. ఇప్పుడు రాశాను.