నానమ్మ వెండి కాసు

నా చిన్నప్పుడు, తొంభైల్లో, భీమిలిలో మా నానమ్మ బొడ్డున దోపుకునే గుడ్డసంచిలో ఒక వెండి కాసు ఉండేది. మా తాతయ్య వల లాగుతుంటే ఇసుకలో దొరికిందట. ఒకవైపు కోటేరు ముక్కు రాజు, రెండోవైపు నిలబడ్డ అమ్మవారు. అవి రోమ్ దేశపు బొమ్మలని మాకేం తెలుసు? నానమ్మకి ఆవిడ గంగమ్మ తల్లే. తాతయ్య సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాని రోజు నుంచి ఆ మొహాన్ని బొటనవేలితో తడిమి తడిమి ముక్కూ కళ్లూ అరగదీసేసింది. పండగొస్తే చింతపండుతో తోమి పసుపు రాసేది.

మా మేనత్త మొగుడు వైజాగ్‌లో ఉండేవాడు. మావయ్య అనాలి, ఇప్పటికీ నోరు రాదు. రోమ్ వెండి నాణేలు పోగుచేసే పిచ్చి ఆయనకి. "చింతపండుతో తోముతారా? నలుపు పోతే నాణెం విలువ పోయినట్టే" అని నానమ్మని కసిరి, పుస్తకంలో పోల్చి చూసి తెస్తానని కాసు పట్టుకెళ్లాడు. తిరిగి తెచ్చినదాంట్లో అమ్మవారికి ముక్కూ కళ్లూ చక్కగా ఉన్నాయి. నకలు అంటగట్టాడు, దొంగ! ముసలిదానికేం తెలుస్తుందిలే అనుకున్నాడు.

నానమ్మ బొటనవేలితో తడిమి చూసి "ఇది నా గంగమ్మ కాదు" అంది. మా నాన్నేమో "పోన్లే అమ్మా, అల్లుడితో గొడవేటి? సెల్లి కాపురం సూడాల కదా" అన్నాడు. మావాళ్లలో అల్లుడు ఏం చేసినా చెల్లుతుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు నానమ్మ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. మేం వెళ్లేసరికి ఆయన పళ్లెంలో నాణేలు పరిచి, ఈ రాజు ఫలానా, ఆ దేవత ఫలానా అని స్నేహితులకి గొప్పలు చెబుతున్నాడు. అరిగిన మొహంతో మా కాసు అందులోనే ఉంది. నానమ్మ వేలుపెట్టి చూపిస్తే "అరిగినవన్నీ ఒకలాగే ఉంటాయి. అది నాదే" అని నవ్వాడు.

నానమ్మ నేలమీద చతికిలబడి సంచిలోంచి చింతపండు ముద్ద తీసింది. పళ్లెం ఒళ్లోకి లాక్కుంది.

"అన్నీ నీయేనేటి బాబూ? మంచిది. అల్లుడి కాసులు అత్త తోమితే తప్పేటి? అన్నీ తెల్లగా తోమిచ్చి ఎల్తాను."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా అత్త లోపలికెళ్లి, గిన్నెతో నీళ్లు తెచ్చి తల్లి పక్కన పెట్టింది. ఆయన మొహం మాడిపోయింది. "వద్దు, వద్దు! తీసుకుపో!" అని స్నేహితుల ముందే మా కాసు తీసి ఇచ్చాడు.

నానమ్మ లేచి "ఇంకోపాలి నా గుమ్మం తొక్కితే అల్లుడివని సూడను" అంది.

ఇప్పుడు నా తలా నెరిసింది. చుట్టరికం చూపించి "పోన్లే" అనమంటే నేను అనను. నన్ను గయ్యాళి అంటారు. అననీ. కాజేసినవాడికి లేని సిగ్గు, అడిగేదానికెందుకు?