కుర్చీ వెనుక నిలబడ్డ మనిషి

మా పక్కింటి పెద్దబాపు పోయిన నెల ఒక గురువారం పొద్దున పోయాడు. నేను కోర్టుకు తయారవుతూ నల్లకోటు ఇస్త్రీ చేసుకుంటున్నాను. పెద్దమ్మ గోడ అవతలి నుంచి మా అమ్మను పిలిచి, “చెల్లె, మీ బావ లేస్తలేడు” అన్నది. ఎంత మామూలుగా అన్నదంటే, అమ్మ కూడా “పండుకోనియ్యక్కా, రాత్రంత దగ్గిండు గద” అని బదులిచ్చి, పాలగిన్నె దించి పక్కన పెట్టింది. ఆ తర్వాతే ఆ మాటకు అర్థం తెలిసి పరుగెత్తింది. నేను ఇస్త్రీపెట్టె తీయడం మరిచిపోయి వెంట పరుగెత్తాను. కోటు చేతి మీద ఇప్పటికీ ఆ మచ్చ ఉంది. కొత్త కోటు కుట్టించుకోబుద్ధి కాలేదు.

సిద్దిపేటలో మా వాడకట్టు వాళ్ళంతా ఆయన్ని దఫేదారు అనేవాళ్ళు. హైదరాబాదులో హైకోర్టు జడ్జీల ముందు ముప్పై ఏళ్ళకు పైగా నడిచిన మనిషి. ఆ పని ఏమిటో తెలియని వాళ్ళ కోసం చెబుతాను. తెల్లబట్టలు, నడుముకు ఎర్ర పట్టీ, తలకు పాగా. జడ్జి తన గదిలోంచి కోర్టు హాలుకు వస్తుంటే దఫేదారు ముందు నడిచి దారి చేయాలి. గుమ్మంలో ఒక్కసారి “ష్” అంటే హాలంతా లేచి నిలబడుతుంది. కుర్చీ వెనక్కి లాగి, జడ్జి కూర్చునేటప్పుడు చప్పుడు కాకుండా ముందుకు జరపాలి. ఇక అక్కడి నుంచి ఆ కుర్చీ వెనుక నిలబడి ఉండాలి. కూర్చోవడం లేదు, మాట్లాడడం అసలే లేదు.

శనివారం సాయంత్రం బస్సులో వచ్చి, సోమవారం చీకటితో లేచి పోయేవాడు. మధ్యలో ఒక ఆదివారం మధ్యాహ్నం మాకు దక్కేది. అరుగు మీద నులకమంచం వేసుకుని పడుకుంటే, కాళ్ళు పిసికే పని నాది. వారమంతా నిలబడ్డ కాళ్ళు. పిక్కలు రాయిలా గట్టిపడి ఉండేవి. అప్పటికి మా వాడలో మగ్గాలు ఇంకా ఆడుతుండేవి, నేతవాళ్ళలో సగం మందే భివండి మిల్లులకు పోయారు. ఆ చప్పుడులో ఆయన సగం నిద్రతో చెబుతుంటే నేను సగం నిద్రతో వినేదాన్ని. మూసీ మీది గాలి ఏ వరండాలోంచి వస్తుందో, పావురాలు ఏ గుమ్మటం మీద వాలుతాయో, వానపడ్డ రోజు రాళ్ళు ఏ రంగుకు తిరుగుతాయో అన్నీ చెప్పేవాడు. నేను కళ్ళు మూసుకుంటే మా అరుగే పొడుగ్గా సాగి సాగి ఆ వరండా అయిపోయేది. ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి హైకోర్టుకు పోయినప్పుడు, గాలి ఎటునుంచి వస్తుందో నాకు ముందే తెలుసు. చిన్నప్పుడు ఎప్పుడో వచ్చానేమోనని అమ్మను అడిగాను కూడా. రాలేదు.

జడ్జీల పేర్లు ఎన్నడూ చెప్పలేదు. ముందు నడిచేవాడు వెనక్కి తిరిగి చూడకూడదు కనుక, వాళ్ళను అడుగుల చప్పుడుతోనే ఎరుగును.

“ఒక సాబ్ ఉండె బిడ్డా, నడుస్తుంటె పత్తి మీద నడిచినట్టు ఉంటుండె. ఎనుక వస్తుండో లేడో అని నాకు ఒకటే బుగులు. కాయిదాలు మాత్రం ఒక్కటి ఇడిసిపెట్టకపోతుండె. వకీలు తెచ్చిన కాయిదంల ఏమున్నదో వకీలుకే యాది చేస్తుండె.”

ఇంకొకాయన చెప్పులు కిర్రుమనేవట. ఒకసారి ఎవరో ముసలమ్మ, తన వకీలు మాట్లాడుతుండగానే లేచి తన గోస తానే మొదలుపెట్టిందట. అందరూ ఆమెను కూర్చోబెట్టబోతే ఆయన కలం కింద పెట్టి, ఆమె అలసిపోయేదాకా విన్నాడట.

“మరి ఆమె గెలిచిందా పెద్దబాపూ?”

“ఏమో బిడ్డా. ఆమె చెప్పింది, సాబ్ విన్నడు. వినెటోడు ఉంటెనే గది కోర్టు. లేకుంటె ఉత్త గుమ్మటం.”

హైకోర్టును తీర్చిదిద్దిన పెద్దల గురించి మీటింగుల్లో చాలా విన్నాను. వాళ్ళ ఫొటోలు గోడలకు ఉంటాయి, ఉండాలి కూడా. కానీ నా మటుకు నాకు ఆ కోర్టును ముందుగా కట్టి చూపించింది నులకమంచం మీద పడుకున్న ఈ మనిషే. దానికి నేను ఎన్నడూ ఆయనకు దండం పెట్టలేదు. ఇంట్లోవాళ్ళకు ఎవరు పెడతారు?

ఇంటికి ఎవరొచ్చినా ముందు కుర్చీ వేసేవాడు. కూరగాయల ఆమె వచ్చినా, కరెంటు బిల్లు అబ్బాయి వచ్చినా అంతే. వేయడమంటే చూపించడం కాదు, వాళ్ళు కూర్చునేటప్పుడు వెనుక నుంచి మెత్తగా జరిపేవాడు. అలవాటు లేనివాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. “రేపు బర్రె వచ్చి నిలబడితె దానికి గూడ ఏస్తడు” అని పెద్దమ్మ నవ్వేది. తాను మాత్రం గోడకు ఆనుకుని నిలబడి మాట్లాడేవాడు.

నేను వకీలునై సిద్దిపేట కోర్టులో మొదటిసారి నిలబడే రోజున, చూస్తానని తానూ వచ్చాడు. గుమ్మం దగ్గర జనం గుంపుగా ఉన్నారు. ముందు ఆయన, వెనుక నల్లకోటులో నేను. ఆయన కాళ్ళకు ఏం యాదికి వచ్చిందో గానీ, నడుము నిటారైంది, చెయ్యి లేచింది, “ష్” అన్నాడు. అంతే, హాలు హాలంతా లేచి నిలబడింది. సీనియర్ వకీళ్ళు, కక్షిదారులు, పోలీసులు, అందరూ. తీరా వచ్చింది నేను, చంకలో ఒకే ఒక్క ఫైలుతో. బెంచి క్లర్కు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దబాపు అందరికీ చేతులు జోడించి, “మాఫ్ చెయ్యిన్రి సార్, కాళ్ళ అలవాటు” అని పక్కకు జరిగాడు.

రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. నా కోపం అట్లాంటిది, ముక్కు మీదే ఉంటుంది. మూడో రోజు గోడ మీద నుంచి తొంగిచూసి, “తప్పే బిడ్డా. జడ్జి రాకముందు హాలు లేపుడు పెద్ద తప్పు. గని నీకోసం ఒక్కపారి లేస్తె ఏం పోయింది?” అన్నాడు. నవ్వక ఏం చేస్తాను.

ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని కదిలించలేకపోయేవాళ్ళం. ఏ కేసు మీదా తన అభిప్రాయం చెప్పేవాడు కాదు. పేపర్లో పెద్ద తీర్పు వచ్చిన రోజు వాడకట్టు అంతా అరుగు దగ్గర చేరి అడిగినా, “దఫేదారుకు చెవులుంటయి గని నోరుండది” అనేవాడు. వకీలుగా నాకు ఇది నచ్చేది. పక్కింటి పిల్లగా మాత్రం ఒళ్ళు మండేది. ఎందుకంటే ఆ లేని నోరే ఆయన తమ్ముణ్ణి దూరం చేసింది.

వాళ్ళ సొంతూరు కుకునూరుపల్లి. పెద్దబాపుకు పిల్లలు లేరు. ఉన్న రక్తసంబంధం అక్కడ వ్యవసాయం చేసుకునే తమ్ముడొక్కడే. నేను చిన్నాయన అంటాను. ఆయన వాటాకు వచ్చిన బావి దగ్గరి ఎకరం మీద పక్క పొలం వాళ్ళతో తగాదా. కింది కోర్టుల్లో ఒకసారి గెలిచి, ఒకసారి ఓడి, చివరకు హైకోర్టుకు ఎక్కాడు. ఎక్కి ఎక్కి ఆ కేసు మా పెద్దబాపు నిలబడే హాలుకే వచ్చింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. “చెప్పుడే సిఫారసు అయితది” అనుకున్నాడట. చిన్నాయన ఊరి నుంచి వచ్చి జనంలో నిలబడ్డాడు. అన్న కుర్చీ వెనుక నిలబడ్డాడు. ఇద్దరూ పలకరించుకోలేదు. ఆ రోజే తీర్పు చెప్పారు. చిన్నాయన ఓడిపోయాడు.

బయట మెట్ల మీద చిన్నాయన అన్నది పెద్దమ్మ నాకు చాలాసార్లు చెప్పింది. “సాబ్ చెవికి మూరెడు దూరంల ఉన్నవు. ఒక్క మాట, ఒక్క మాట అనకపోతివి.” ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఆ తమ్ముడు ఈ గడప తొక్కలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే పక్క బంతిలో కూర్చునేవాడు.

సిద్దిపేట నుంచి హైదరాబాదుకు పోయే బస్సు కుకునూరుపల్లి మీదుగానే పోతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వారానికి రెండుసార్లు ఆయన ఆ ఊరు దాటేవాడు. ఊరి వైపు కిటికీ సీటు దొరక్కపోతే ఆ బస్సు వదిలేసి తర్వాతి బస్సు ఎక్కేవాడని పెద్దమ్మ చెప్పింది. ఎన్నడూ దిగలేదు. ఒకసారి తమ్ముడు స్టాపులోనే ఉన్నాడట, నెత్తి మీద యూరియా బస్తాతో. బస్సు కదిలేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారట. అంతే.

పోయిన వేసవిలో దవాఖాన వాళ్ళు, మా చేతుల్లో ఇక ఏమీ లేదు, పెద్దబాపును ఇంటికి తీసుకుపోయి చూసుకోండి అన్నారు. నేను స్కూటీ వేసుకుని కుకునూరుపల్లికి పోయాను. చిన్నాయన పొలంలో మక్కకంకులు ఇరుస్తున్నాడు. పెద్దాచిన్నా లేకుండా నోటికొచ్చినట్టు తిట్టాను. ఎకరం భూమికి అన్నను అమ్ముకున్నావు అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన కోపం చేయలేదు.

“భూమి పోయింది, పోనీ. ఆ దినం మా అన్న మనసుల ఏమున్నదో గదొక్కటి చెప్పుమను బిడ్డా. తమ్ముడు గెల్వాలె అనుకున్నడా లేదా. గంతే. చెప్తె వస్త.”

ఆ మాట మోసుకొచ్చి పెద్దబాపుకు చెప్పాను. “గది నేను చెప్పెటిది కాదు బిడ్డా” అన్నాడు. చావబోతూ కూడా ఇదేం పట్టుదల అని నేను గొంతు పెంచాను. పెద్దమ్మ నన్ను బయటికి పంపించింది.

చిన్నాయన తనంతట తానే వచ్చాడు. మూడు రోజుల తర్వాత, ఎండ ఎక్కకముందు, సంచిలో కంకులు వేసుకుని. గుమ్మంలో నిలబడి లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూస్తున్నాడు. పెద్దబాపు లేవబోయాడు. లేవలేక, నా వైపు చూసి, “కుర్చెయ్యి” అన్నాడు. వేశాను. చిన్నాయన కూర్చోలేదు.

“అన్నా, ఇప్పటికన్న చెప్పు. ఆ దినం నువ్వేమనుకున్నవు?”

పెద్దబాపుకు ఆయాసం. ఒక్కొక్క మాటకు ఆగి ఆగి చెప్పాడు.

“నాకేం యాదికి లేదురా. వకీలు ఏమన్నడో, సాబ్ ఏం రాయించిండో, ఒక్క ముక్క చెవుల పడలె. అన్నేండ్ల నౌకరిల గా ఒక్క దినమే నేను వినలె. నువ్వు ఆఖరు బెంచి కాడ నిలబడ్డవు. పొద్దున బస్సుల గూడ నిలబడే వచ్చినవని మొఖం చూస్తెనే తెలిసింది. నీకు ఎవరన్న జరిగి జాగ ఇస్తరా అని చూసిన. ఎవ్వరు ఇయ్యలె. గదే చూసుకుంట నిలబడ్డ.”

“అవునే, మస్తు గుంజినయి కాళ్ళు” అన్నాడు చిన్నాయన. అని, కుర్చీలో కాకుండా మంచం మీదే, అన్న కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. పెద్దమ్మ లోపలికి పోయి కంకులు కాల్చింది. నేను వంటింట్లో ఏడ్చాను. అన్ని వేల కేసులు విన్న మనిషి ఒక్కటి వినలేకపోయాడంటే అది ఎంత ప్రేమో నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఆయన్ని రాయి అనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ తర్వాత నాలుగు నెలలు బతికాడు. చిన్నాయన రెండు రోజులకోసారి వచ్చేవాడు. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. వానలు పడ్డాయా, చంద్లాపూర్ దగ్గర రిజర్వాయర్ నిండిందా, ఇవే మాటలు. ఒక మధ్యాహ్నం నేను పోయేసరికి అన్న మంచం మీద, తమ్ముడు కింద చాప మీద, ఇద్దరూ గురక పెడుతున్నారు. తలకొరివి తమ్ముడే పెట్టాడు.

పదకొండో రోజు అయ్యాక చిన్నాయన మా ఇంటికి వచ్చాడు. “బిడ్డా, హైకోర్టు కొత్త జాగకు పోతదంటున్నరు. పోకముందు ఒక్కపారి నన్ను తోలుకపో. మా అన్న నిలబడ్డ కాడ చూసొస్త” అన్నాడు.

పోయిన వారం తీసుకుపోయాను. ఆయనకు పాసు తీసుకుని మెట్లెక్కాము. ఏ హాలో ఆయన గుర్తుపట్టలేకపోయాడు. ఒకదానిలోకి పోయి వెనుక గోడకు ఆనుకుని నిలబడ్డాము. ఏదో కేసు నడుస్తున్నది, అంతా ఇంగ్లీషులో. ఫ్యాన్ల గాలికి కాగితాలు మెల్లగా లేచి పడుతున్నాయి. చిన్నాయన జడ్జిని చూడలేదు, వకీళ్ళను చూడలేదు. కుర్చీ వెనుక నిలబడ్డ దఫేదారునే చూస్తున్నాడు. నెరిసిన మీసాల మనిషి, తెల్లబట్టలు, ఎర్ర పట్టీ. మేమెవరమో ఆయనకు తెలియదు. చాలాసేపటికి ఆయన చూపు చిన్నాయన మీద పడింది, అక్కడే ఆగింది. తల కదపలేదు. పెదవి కదపలేదు. కళ్ళతోనే ఆఖరు బెంచీ చివరన ఉన్న కాస్త ఖాళీని చూపించాడు. చిన్నాయన మెల్లగా పోయి అక్కడ కూర్చున్నాడు.